హైదరాబాద్‌లో కలం పట్టిన విప్లవ తత్వవేత్త
సయ్యద్ జమాలుద్దీన్ అఫ్ఘానీ జీవితం, రచనలు

గత రెండు శతాబ్దాల ముస్లిం ప్రపంచ చరిత్రలో సయ్యద్ జమాలుద్దీన్ అఫ్ఘానీ పేరు రాని పుస్తకం అరుదు. ఈజిప్టులో, ఇరాన్‌లో, టర్కీలో, అఫ్ఘానిస్తాన్‌లో ఆయనను మా వాడంటే మా వాడని చెప్పుకుంటారు. ఆయన రాసిన ఒకే ఒక్క పెద్ద గ్రంథం మన హైదరాబాద్‌లో రూపుదిద్దుకుందన్న సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఆ గ్రంథమే కాదు, చదువు గురించి, భాష గురించి, జాతి ఐక్యత గురించి ఆయన చేసిన ముఖ్యమైన ఆలోచనలు కూడా ఈ నగరంలోనే మొదట అచ్చయ్యాయి. తెలుగునాట నివసించే ముస్లిం కుటుంబాలు ఈ మహనీయుడి గురించి తెలుసుకోవడం అవసరమని భావించి ఆయన జీవితాన్ని క్లుప్తంగా పరిచయం చేస్తున్నాం.

జననం, బాల్యం

జమాలుద్దీన్ 1838 ప్రాంతంలో అసదాబాద్ అనే ఊళ్లో సయ్యద్ వంశంలో జన్మించారు. తండ్రి పేరు సయ్యద్ సఫ్దర్. అయితే అసదాబాద్ పేరుతో రెండు ఊళ్లున్నాయి. ఒకటి అఫ్ఘానిస్తాన్‌లోని కునార్ ప్రాంతంలో, మరొకటి ఇరాన్‌లోని హమదాన్ దగ్గర. తాను అఫ్ఘాన్‌నని ఆయన చెప్పుకున్నారు. 1963లో టెహ్రాన్‌లో ఆయన సొంత కాగితాలు అచ్చయిన తర్వాత ఆయన ఇరాన్‌లో పుట్టి, షియా విద్యా సంప్రదాయంలో పెరిగారని ఎక్కువమంది చరిత్రకారులు అంగీకరించారు. సున్నీ దేశాల్లో తన మాట చెల్లాలనీ, ఇరాన్ ప్రభుత్వాధికారుల చేతికి చిక్కకూడదనీ ఆయన అఫ్ఘానీగా పేరు మార్చుకుని ఉంటారని వారి అభిప్రాయం. ఏది ఏమైనా షియా, సున్నీ అనే గీతను దాటి ముస్లింలందరూ ఒక్కటి కావాలని జీవితాంతం పాటుపడిన మనిషి ఆయన. ఆయన ఊరి గురించి కొట్లాడుకోవడం ఆయన ఆశయానికి న్యాయం చేయడం కాదు.

చిన్న వయసులోనే అరబీ, ఫార్సీ, తర్కం, తత్వశాస్త్రం నేర్చుకున్నారు. ఇబ్నె సీనా గ్రంథాలు ఆయనకు కరతలామలకం. పద్దెనిమిదేళ్ల వయసు ప్రాంతంలో తొలిసారి హిందుస్థాన్ వచ్చారు. అది 1857 తిరుగుబాటు నాటి కాలం. ఒక వ్యాపార కంపెనీ ఒక మహా దేశాన్ని ఎలా మింగేసిందో ఆయన ఇక్కడే అర్థం చేసుకున్నారు. బ్రిటిష్ పాలనపై ఆయనకు జీవితాంతం చల్లారని ఆగ్రహం మొలకెత్తింది ఆ రోజుల్లోనే.

కాబూల్ నుంచి కైరో దాకా

1866లో అఫ్ఘానిస్తాన్ చేరుకున్నారు. అమీర్ ఆజమ్ ఖాన్‌కు సలహాదారు అయ్యారు. అన్నదమ్ముల మధ్య గద్దె పోరులో ఆజమ్ ఖాన్ ఓడిపోయి షేర్ అలీ రాజు కావడంతో 1868 చివర దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. అక్కడి నుంచి ఇస్తాంబుల్ చేరారు. విద్యామండలిలో ఆయనకు స్థానం లభించింది. 1870 డిసెంబరులో కొత్తగా ఏర్పడిన విశ్వవిద్యాలయంలో చేతివృత్తుల గురించి, పరిశ్రమల గురించి ఆయన ఒక ఉపన్యాసం ఇచ్చారు. సమాజాన్ని ఒక శరీరంతో పోల్చి, తత్వవేత్తల పనినీ ప్రవక్తల పనినీ పక్కపక్కన పెట్టి మాట్లాడారు. ప్రవక్తల పదవిని ఆయన ఒక వృత్తి స్థాయికి దించారని ఆస్థాన ధార్మిక పండితులు మండిపడ్డారు. అవిశ్వాసి అని ముద్ర వేశారు. 1871లో ఆయన ఇస్తాంబుల్ వదలక తప్పలేదు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. పదేళ్ల తర్వాత హైదరాబాద్‌లో దీనికి మరో ముఖం కనిపిస్తుంది.

తర్వాత ఎనిమిదేళ్లు ఈజిప్టులో గడిపారు. అది ఆ దేశానికి గడ్డుకాలం. పాలకుడు ఇస్మాయీల్ అప్పుల్లో కూరుకుపోయి 1875లో సూయజ్ కాలువ వాటాలను బ్రిటన్‌కు అమ్ముకున్నాడు. మరుసటేడు ఖజానా మీద పెత్తనం బ్రిటన్, ఫ్రాన్స్ అధికారుల చేతికి వెళ్లింది. జమాలుద్దీన్ కైరోలోని తన ఇంట్లో, కాఫీ దుకాణాల్లో కూర్చుని యువకులకు తర్కం, తత్వం, రాజకీయం బోధించారు. పత్రికలు పెట్టండి, రాయండి, ప్రజలకు తెలియజెప్పండి అని ప్రోత్సహించారు. తరువాతి కాలంలో ఈజిప్టు ప్రధాన ముఫ్తీ అయిన ముహమ్మద్ అబ్దుహ్, 1919 స్వాతంత్ర్య పోరాటానికి నాయకత్వం వహించిన సాద్ జగ్లూల్ ఆయన చుట్టూ చేరినవారే. కొత్తగా గద్దెనెక్కిన తౌఫీఖ్ 1879 ఆగస్టులో ఆయనను దేశం నుంచి వెళ్లగొట్టాడు. ఓడ ఎక్కించి హిందుస్థాన్‌కు పంపారు.

హైదరాబాద్‌లో

అలా మన నగరం ఆయనకు ఆశ్రయం ఇచ్చింది. సుమారు రెండేళ్లు ఆయన ఇక్కడ ఉన్నారు. అప్పటికి ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఇంకా బాలుడు. పాలన దివాన్ మొదటి సాలార్‌జంగ్ చేతిలో ఉంది. సర్కారు కాగితాలన్నీ ఫార్సీలో నడిచే రోజులవి. కనుక ఫార్సీలో రాసే ఆయనకు ఇక్కడ చదువరులకు కొదవ లేదు. ఆనాడు హైదరాబాద్ నుంచి వెలువడే ముఅల్లిమె షఫీఖ్ అనే పత్రికలో 1880, 81 సంవత్సరాల్లో ఆయన వ్యాసాలు వరుసగా వచ్చాయి. అవే తర్వాత మఖాలాతె జమాలియ్యా పేరుతో కలకత్తాలో పుస్తకంగా వచ్చాయి.

ఆ కాలంలో హైదరాబాద్‌ను కుదిపేస్తున్న మాట ఒకటుంది. అది నేచరీ. ఆంగ్లంలోని నేచర్ అనే మాట నుంచి పుట్టిన పేరు. అలీగఢ్‌లో 1875లో కళాశాల స్థాపించిన సయ్యద్ అహ్మద్ ఖాన్ అనుచరులను గిట్టనివారు ఇలా పిలిచేవారు. అల్లాహ్ గ్రంథం అల్లాహ్ సృష్టికి విరుద్ధంగా ఉండదని, ప్రకృతి నియమాలకు అనుగుణంగానే ఖుర్‌ఆన్‌ను అర్థం చేసుకోవాలని సర్ సయ్యద్ వాదించేవారు. ఆయన సన్నిహితులు మెహదీ అలీ (మొహసిన్ ఉల్ ముల్క్), చిరాగ్ అలీ వంటివారు హైదరాబాద్ కొలువులో పెద్ద పదవుల్లో ఉన్నారు. కాబట్టి ఈ గొడవ అలీగఢ్‌తో ఆగకుండా ఇక్కడి మదర్సాల్లో, దివాన్‌ఖానాల్లో కూడా సాగింది.

మదర్సా ఎ అఇజ్జాలో గణితం బోధించే ముహమ్మద్ వాసిల్ అనే ఉపాధ్యాయుడు ఈ నేచరీ అంటే ఏమిటో వివరించమని జమాలుద్దీన్‌కు ఉత్తరం రాశారు. దానికి జవాబుగా మొదలైనదే ఆయన పుస్తకం. హిజ్రీ 1298లో, అంటే 1881లో, హైదరాబాద్‌లో ఫార్సీలో అచ్చయింది. ఆ తర్వాత ఉర్దూలోకి వచ్చింది. 1886లో ముహమ్మద్ అబ్దుహ్ దాన్ని అరబీలోకి తెచ్చి బీరూత్‌లో ప్రచురించారు. భౌతికవాదుల ఖండన అన్న పేరుతో ముస్లిం ప్రపంచమంతా వ్యాపించింది. ఒక గణిత ఉపాధ్యాయుడు అడిగిన ప్రశ్న అంతదూరం ప్రయాణించింది!

ఆరు గోడల కోట

ఈ గ్రంథంలో జమాలుద్దీన్ చేసిన వాదన సూటిగా ఉంటుంది. ధర్మం మనిషికి మూడు విశ్వాసాలను ఇచ్చింది. మనిషి సృష్టిలో ఉత్తముడన్నది మొదటిది. తన సమాజం ఉన్నతమైనదన్నది రెండోది. పరలోకానికి తగిన పరిపూర్ణత సాధించుకోవడానికే ఈ లోకానికి వచ్చాడన్నది మూడోది. ఈ విశ్వాసాల నుంచి మూడు సుగుణాలు పుట్టాయి. అవి సిగ్గు, నిజాయితీ, సత్యం. మూడు విశ్వాసాలు, మూడు సుగుణాలు కలిసి మానవ సౌభాగ్యానికి ఆరు గోడల కోటలా నిలుస్తాయని ఆయన వివరించారు. ఉత్తముణ్ననుకున్న మనిషి పశువులా బతకడానికి సిగ్గుపడతాడు. సిగ్గు లేనిచోట అమానత్ ఉండదు. అమానత్ లేకపోతే బజారులో బేరం, కోర్టులో సాక్ష్యం, ప్రభుత్వంలో ఖజానా ఏదీ నిలవదు. సత్యం లేనిచోట ఒకరి మాట ఒకరు నమ్మరు. గ్రీకుల పతనం నుంచి ఫ్రాన్స్ విప్లవం దాకా చరిత్రలోని ఉదాహరణలు తెచ్చి, ఈ గోడలు కూలినచోట రాజ్యాలు కూలాయని చూపించే ప్రయత్నం చేశారు.

ఇక్కడ మనం గమనించాల్సిన విషయం ఒకటుంది. ధర్మాన్ని ఆయన కేవలం పరలోక మోక్షానికి మార్గంగా చూడలేదు. ఒక సమాజం బానిసత్వంలో పడకుండా నిలబెట్టే బలంగా చూశారు. నమాజ్, రోజాలు ఆచరిస్తూనే కొలతలో మోసం చేసేవాడు ఆ కోట గోడను లోపలి నుంచి తవ్వుతున్నవాడేనని ఈ వాదన మనకు అర్థం చేయిస్తుంది.

అయితే ఈ పుస్తకంలో లోపాలు లేవని మనం అనలేం. డార్విన్ సిద్ధాంతాన్ని ఆయన ఎద్దేవా చేశారే కానీ సరిగా పరిశీలించలేదు. సర్ సయ్యద్‌ను భౌతికవాదుల జాబితాలో కలపడం అంతకంటే పెద్ద అన్యాయం. సర్ సయ్యద్ దైవాన్ని నిరాకరించలేదు. ఆయన భాష్యాలతో ఏకీభవించకపోవచ్చు గానీ ఆయన విశ్వాసాన్ని శంకించడం తగదు. నిజానికి ఇద్దరూ కోరుకున్నది ఒకటే. ముస్లింలు ఆధునిక విజ్ఞానం నేర్వాలి. తేడా రాజకీయంలో ఉంది. 1857 నెత్తుటి తర్వాత బ్రిటిష్ వారితో సర్దుకుపోతేనే ఈ సమాజం బతుకుతుందని సర్ సయ్యద్ అనుకున్నారు. ఆ సర్దుబాటే బానిసత్వానికి తలుపు తెరుస్తుందని జమాలుద్దీన్ అనుకున్నారు. రాజకీయంలో వచ్చిన విభేదానికి ఈమాన్ పేరు తగిలించడం వల్ల తరాల తరబడి చేటు జరిగింది. ఇస్తాంబుల్‌లో తనపై ఏ ముద్ర వేశారో దాదాపు అదే ముద్రను హైదరాబాద్‌లో ఆయన మరొకరిపై వేశారు. గొప్పవాళ్ల జీవితాల నుంచి ఇలాంటి పాఠాలు కూడా నేర్చుకోవాలి.

భాష గురించి, చదువు గురించి

పత్రికలో వచ్చిన వ్యాసాలు గ్రంథం కంటే మనకు దగ్గరగా ఉంటాయి. జాతి లేకుండా సుఖం లేదనీ, భాష లేకుండా జాతి లేదనీ ఆయన వాదించారు. పండితులకే కాక కమ్మరికీ, వడ్రంగికీ, వైద్యుడికీ అవసరమైన మాటలన్నీ ఉన్నప్పుడే అది భాష అనిపించుకుంటుందని అన్నారు. విజ్ఞానాన్ని పరాయి భాషలో కాకుండా దేశ భాషలోకి అనువదించుకుని నేర్చుకోవాలని గట్టిగా కోరారు. మతం ఒక్కటే అయినా భాషలు వేరైనచోట లోక వ్యవహారంలో బంధం బలహీనపడుతుందని, భాషా బంధం ఎక్కువ కాలం నిలుస్తుందని కూడా రాశారు. విశ్వ ముస్లిం ఐక్యతకు ప్రతినిధిగా పేరొందిన వ్యక్తి ఈ మాట అనడం చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది.

ఆయన మనసులో ఉన్నది ఉర్దూ. సుమారు నలభై ఏళ్ల తర్వాత 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైంది. వైద్యం, ఇంజనీరింగు కూడా దేశ భాషలో నేర్పవచ్చని నిరూపించింది. కానీ ఆయన తర్కాన్ని చివరిదాకా తీసుకెళితే అది తెలుగుకు కూడా వర్తిస్తుంది. తెలంగాణ పల్లెల్లో, రాయలసీమలో, కోస్తాలో తెలుగులోనే కలగని, తెలుగులోనే కన్నీరు పెట్టే ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఉర్దూ రాకపోతే ముస్లిమే కాదన్నట్టు చిన్నచూపు చూసే ధోరణి ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది. చిలుకూరి నారాయణరావు వంటి ముస్లిమేతర పండితుడు 20వ శతాబ్ది తొలి సగంలోనే ఖుర్‌ఆన్‌ను తెలుగు చేశారు. తల్లి భాషలో ధర్మాన్ని, విజ్ఞానాన్ని అందుకోవడం తక్కువతనం కాదు. అందులోనే బలం ఉందని హైదరాబాద్ పత్రికలో జమాలుద్దీన్ చేసిన వాదన మనకు ధైర్యం చెబుతుంది.

1882లో ఆయన కలకత్తా వెళ్లారు. ఈజిప్టులో అరాబీ పాషా తిరుగుబాటు నడుస్తున్నందున బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను కలకత్తాలో కదలనివ్వకుండా ఉంచింది. ఆ తిరుగుబాటు అణగారిన తర్వాతే వదిలిపెట్టింది. ఆ సంవత్సరం నవంబరు 8న అక్కడి ఆల్బర్ట్ హాల్లో విద్య గురించి ఉపన్యసించారు. అంకెలను, గణితాన్ని ప్రపంచానికి ఇచ్చిన గడ్డ ఇదేనని హిందుస్థాన్ యువకులకు గుర్తు చేశారు. వేదశాస్త్రాల న్యాయసూత్రాలను గౌరవంగా ప్రస్తావించారు. విజ్ఞానాన్ని ముస్లిం విజ్ఞానం, ఐరోపా విజ్ఞానం అని రెండు ముక్కలు చేసిన పండితులను తీవ్రంగా విమర్శించారు. అరిస్టాటిల్‌ను సొంతవాడిలా చదువుతూ గెలీలియో, న్యూటన్ పేరు చెబితే అవిశ్వాసం అనడం ఏం న్యాయమని ప్రశ్నించారు. విద్యకు జాతి లేదు, ఎక్కడ రుజువు ఉంటే అక్కడ సత్యం ఉంటుందన్నది ఆయన అభిప్రాయం.

ఇదే కాలంలో ఆయన చెప్పిన దీపం ఉదాహరణ ప్రసిద్ధమైనది. ధార్మిక పండితులు రాత్రంతా దీపం ముందు పెట్టుకుని పాత తత్వ గ్రంథాలు వల్లెవేస్తారు. ఆ దీపానికి చిమ్నీ తీసేస్తే పొగ ఎందుకు వస్తుందో, పెడితే ఎందుకు ఆగుతుందో మాత్రం ఒక్కసారి కూడా ఆలోచించరు. కళ్లెదుట ఉన్న వస్తువు గురించి ప్రశ్నించని చదువు చదువే కాదని ఆయన భావం.

పారిస్‌లో కలం పోరు

1883లో పారిస్ చేరారు. ఆ సంవత్సరం మార్చిలో ఎర్నెస్ట్ రెనాన్ అనే ప్రఖ్యాత పండితుడు ఇస్లాంకూ విజ్ఞానానికీ పొసగదని సోర్బాన్‌లో ఉపన్యసించాడు. జమాలుద్దీన్ మే నెలలో ఒక ఫ్రెంచి పత్రికలో బదులు రాశారు. మతాల పేరిట విజ్ఞానాన్ని అణచివేయడం అన్నిచోట్లా జరిగిందని, ముస్లింలు దీనికి మినహాయింపు కాదని ఒప్పుకున్నారు. క్రైస్తవ సమాజం ఆ సంకెళ్లు తెంచుకోవడానికి కొన్ని శతాబ్దాలు పట్టిందని, ముస్లింలకు మాత్రం ఆ అవకాశం లేదనడం అన్యాయమని, అరబ్బుల బుద్ధి తక్కువదనడం చరిత్రకు విరుద్ధమని వాదించారు. ఈ జవాబులోని కొన్ని మాటలు సంప్రదాయవాదులకు మింగుడుపడవని భావించి అబ్దుహ్ దాన్ని అరబీలోకి రానివ్వలేదు. హైదరాబాద్‌లో ధర్మాన్ని సమర్థించిన కలం, పారిస్‌లో మతాధిపత్యాన్ని విమర్శించిన కలం ఒకటేనా అని పరిశోధకులు ఇప్పటికీ చర్చిస్తూనే ఉన్నారు.

1884 మార్చిలో అబ్దుహ్‌తో కలిసి అల్ ఉర్వతుల్ వుస్ఖా అనే అరబీ పత్రిక ప్రారంభించారు. గట్టి కడియం అని అర్థం. సూరా బఖరా 256వ ఆయత్ నుంచి తీసుకున్న పేరిది. అక్టోబరు నాటికి 18 సంచికలు మాత్రమే వచ్చాయి. ఈజిప్టులో, హిందుస్థాన్‌లో బ్రిటిష్ వారు దాన్ని రానివ్వలేదు. అయినా ఆ కొద్ది సంచికలే ఒక తరాన్ని కదిలించాయి. సూరా రాద్ 11వ ఆయత్‌ను ఆధారం చేసుకుని, సమాజం దశ మారాలంటే మార్పు మన లోపలి నుంచే మొదలుకావాలని ఆ పత్రిక పదేపదే బోధించింది. తలరాత పేరు చెప్పి చేతులు ముడుచుకోవడం ఇస్లాం కాదని చాటింది.

పొగాకు పోరాటం

ఆయన రాతకు ఎంత శక్తి ఉందో ఇరాన్‌లో తేలింది. 1890 మార్చిలో నాసిరుద్దీన్ షా దేశంలోని పొగాకు కొనుగోలు, అమ్మకం, ఎగుమతులన్నిటినీ 50 ఏళ్ల పాటు ఒక బ్రిటిష్ మేజరుకు రాసిచ్చాడు. ప్రతిఫలంగా ఖజానాకు వచ్చేది ఏడాదికి 15,000 పౌండ్లు, లాభంలో నాలుగో వంతు. రైతు, చిల్లర వర్తకుడు అందరి నోటికాడి కూడు పోయింది. అప్పుడు ఇరాన్‌లోనే ఉన్న జమాలుద్దీన్ షా పాలనను విమర్శించి, టెహ్రాన్ దగ్గరి షా అబ్దుల్ అజీం దర్గాలో శరణు తీసుకున్నారు. 1891 జనవరి చలిలో, జబ్బుగా ఉన్న మనిషిని సైనికులు దర్గాలో నుంచి ఈడ్చుకొచ్చి సరిహద్దు దాటించారు.

బస్రా చేరిన ఆయన సామర్రాలోని ప్రధాన మతాచార్యుడు మీర్జా హసన్ షీరాజీకి ఉత్తరం రాశారు. దేశాన్ని ముక్కలు చేసి అమ్ముతుంటే పండితులు మౌనంగా ఉండరాదని విన్నవించారు. వర్తకుల ఒత్తిడి, నగరాల్లో అలజడి, ఇతర పండితుల విజ్ఞప్తులు కూడా తోడయ్యాయి. 1891 డిసెంబరులో పొగాకు వాడరాదన్న ఫత్వా షీరాజీ పేరున వెలువడింది. దేశమంతా హుక్కాలు ఆరిపోయాయి. షా అంతఃపురంలో కూడా హుక్కాలు పక్కన పెట్టారని చెబుతారు. 1892 జనవరిలో షా ఆ ఒప్పందాన్ని పూర్తిగా రద్దు చేసుకున్నాడు. తుపాకీ పేల్చకుండా ఒక సామాన్య ప్రజానీకం సామ్రాజ్యాన్ని వెనక్కు తగ్గించిన సంఘటన అది. మన దేశంలో విదేశీ వస్త్ర బహిష్కరణకు ఎంతో ముందు జరిగిన బహిష్కరణ ఇది.

చివరి రోజులు

1892లో సుల్తాన్ అబ్దుల్ హమీద్ ఆహ్వానంపై ఇస్తాంబుల్ వెళ్లారు. ఇల్లు, భత్యం, గౌరవం అన్నీ దక్కాయి, స్వేచ్ఛ ఒక్కటే దక్కలేదు. గూఢచారులు వెన్నంటి ఉండేవారు. 1896 మే 1న ఆయన శిష్యుడు మీర్జా రజా కిర్మానీ నాసిరుద్దీన్ షాను కాల్చి చంపాడు. జమాలుద్దీన్‌ను అప్పగించమని ఇరాన్ కోరింది. సుల్తాన్ అప్పగించలేదు, వదిలిపెట్టనూ లేదు. దవడ క్యాన్సర్‌తో బాధపడుతూ 1897 మార్చి 9న ఆయన కన్నుమూశారు. పెళ్లి చేసుకోలేదు. ఇల్లు, వాకిలి, ఆస్తి కూడబెట్టలేదు. 1944లో ఆయన అస్థికలను కాబూల్ తరలించి విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఖననం చేశారు.

జీవితమంతా ఆయన చేసిన పెద్ద పొరపాటు రాజులను నమ్ముకోవడం. అమీర్‌ను, ఖెదీవ్‌ను, షాను, సుల్తాన్‌ను మార్చగలనని ఒకరి తర్వాత ఒకరి దగ్గరకు వెళ్లారు. అందరూ వాడుకుని గెంటేసినవారే. తాను చల్లిన విత్తనం రాజ దర్బారులో కాక ప్రజల మనసులో మొలుస్తుందని ఆయన ఆలస్యంగా గ్రహించారు. చివరికి మొలిచింది అక్కడే. అబ్దుహ్ సంస్కరణలు, జగ్లూల్ పోరాటం, ఇరాన్‌లో 1906 రాజ్యాంగ ఉద్యమం ఆ విత్తనం ఫలాలే. అల్లామా ఇఖ్బాల్ 1932లో వెలువడిన జావీద్‌నామాలో ఆయనకు గౌరవ స్థానం ఇచ్చారు. 1912లో అల్ హిలాల్ పత్రిక స్థాపించిన మౌలానా అబుల్ కలాం ఆజాద్ ఆలోచనలపై కూడా అఫ్ఘానీ, అబ్దుహ్‌ల ప్రభావం ఉంది.

మన ముందున్న ప్రశ్న

నేడు ఖాజాగూడ, గచ్చిబౌలి పేర్లు చెబితే కంప్యూటర్ కంపెనీలు, అద్దాల మేడలు గుర్తొస్తాయి. రాళ్లగుట్టలను చీల్చుకుంటూ లేచిన ఆ మేడల్లో నల్లగొండ, కర్నూలు, గుంటూరు నుంచి వచ్చిన మన బిడ్డలు కూడా పనిచేస్తున్నారు. ఖాజాగూడకు కూతవేటు దూరంలోనే ఆ ఆజాద్ పేరుతో 1998లో ఏర్పడిన జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. ఒక పక్క కొత్త విజ్ఞానం, మరో పక్క దేశ భాషలో విద్య. జమాలుద్దీన్ హైదరాబాద్‌లో కూర్చుని కోరుకున్న రెండూ ఒకే దారిలో కనిపిస్తున్నాయి.

కానీ వాటిని కలిపే పని మిగిలే ఉంది. మన ఇళ్లలో దీనీ చదువు ఒక గదిలో, దునియా చదువు మరో గదిలో ఉంటున్నాయి. హాఫిజ్ అయ్యే పిల్లవాడికి లెక్కలు అక్కర్లేదనుకుంటున్నాం, ఇంజనీరయ్యే పిల్లవాడికి అమానత్ పాఠం అక్కర్లేదనుకుంటున్నాం. మొదటివాడు దీపం ముందు కూర్చుని పొగ గురించి అడగని పండితుడవుతాడు. రెండోవాడు ఆరు గోడల్లో ఒక్కటీ లేని కోటను కాపలా కాస్తాడు. మన ఆడపిల్లల విషయానికొస్తే రెండు గదుల తలుపులూ మూసేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. వీటికి తోడు అభిప్రాయం తేడా వచ్చిన ప్రతివాడినీ దీన్ నుంచి వెళ్లగొట్టే దురలవాటు మనల్ని వదల్లేదు.

జమాలుద్దీన్‌ను పూజించనక్కర్లేదు. ఆయన తప్పులను తప్పులుగానే చూద్దాం. గణిత ఉపాధ్యాయుడు ముహమ్మద్ వాసిల్ లాగా తెలియనిది అడిగే అలవాటు మన పిల్లలకు నేర్పితే చాలు. అడిగినప్పుడు విసుక్కోకుండా, వారి భాషలో జవాబు చెప్పగల ఓపిక మనం నేర్చుకుందాం.

అల్లాహ్ మనకు ప్రయోజనకరమైన విద్యను, దాన్ని ఆచరించే శక్తిని, భిన్నాభిప్రాయాన్ని సహించే విశాల హృదయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.